మూడక్షరాల ఊరు

రైలు కదిలిపోయాక
నీలం బోర్డు మీంచి మంచు జారి పడింది.
ఊరి పేరుకి ముందు, కాస్త ఎడంగా,
మూడు రోమన్ అక్షరాలు: బి, ఎ, డి.
సీమీన్‌దొఖ్త్ సూట్‌కేసు కింద పెట్టి
మళ్ళీ చదివింది.

యజ్ద్‌లో ఇంగ్లీషు మేష్టారు
ఆ మాట నల్లబల్ల మీద రాసిన రోజు
బెంచీలన్నీ ఒకటే నవ్వు:
"ఇది మనదే కదా సార్, ఎప్పుడు ఎత్తుకెళ్ళారు?"
పారసీకంలోనూ చెడ్డే, ఇంగ్లీషులోనూ చెడ్డే,
నోట్లో అది నడిచే దారీ దాదాపు ఒకటే.
ఇప్పుడీ జనం దాన్ని ఏకంగా
ఊరి నుదుటనే రాసుకున్నారు.
చెడ్డ హోల్ట్‌సెన్.
దాపరికం లేని మనుషులు, అనుకుంది
బస్సు కోసం చూస్తూ.

స్నానశాలలో తాళాల గుత్తి మోసే వెండెలిన్
ఆ సంగతి విని
తువ్వాళ్ళ బుట్ట మీద కూలబడి నవ్వాడు.
నవ్వు దగ్గులోకి దిగింది. అతనికి ఉబ్బసం.
"స్నానమమ్మా! పలికేటప్పుడు చివర్న ట. బాట్.
రొమ్ము పట్టేస్తే మా అవ్వ
వేడి గుడ్డతో కాపడం పెట్టేది,
ఆ కాపడం మాటకి ఇది తోబుట్టువు."
ఆమె అరచెయ్యి పట్టుకుని గోడకి ఆనించాడు.
లోపల గొట్టంలో నీళ్ళు
వెచ్చగా పోతున్నాయి.

మూడో నంబరు తొట్టిలో
మెడదాకా మునిగిన థర్జా ఓల్డ్‌రాయిడ్,
యార్క్‌షైర్ నుంచి రెండు మోకాళ్ళూ మోసుకొచ్చిన మనిషి,
కళ్ళు తెరవకుండానే అంది:
"మా మాటకి మటుకు తండ్రెవరో తెలీదు.
నిఘంటువులు రాసేవాళ్ళు బహుశా అని రాసి
చేతులు దులుపుకుంటారు.
ఆడా మగా కాని మనిషిని
వెనకటివాళ్ళు ఏదో అనేవారట,
అందులోంచే ఊడిపడిందని ఒక అనుమానం."
కాసేపు నీళ్ళు కూడా చప్పుడు చెయ్యలేదు.
ఎవరో ఒకరి ఒంటి తీరు మీద విసిరిన రాయి
దొర్లి దొర్లి
విరిగిన పాలకీ, ముసురుకీ, పరీక్ష మార్కులకీ
పేరైందేమో.

సీమీన్‌దొఖ్త్ తన మాట కూడా విప్పి చూపింది.
ఒకప్పుడు వద్ అనేవాళ్ళట,
పెదాలు మూసుకుని బ చేశాయి.
అంటే థర్జా మాటా తనదీ
ఒకే దుకాణంలో కొన్న కోట్లు తొడుక్కుని
ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చున్న
ఎవరికెవరో.
దక్కన్ దాకా నడిచి
నా భాషలో బద్మాష్‌గా స్థిరపడింది మాత్రం
సీమీన్‌దొఖ్త్ తాలూకే.
వాణ్ణి గుమ్మంలోనే గుర్తుపట్టాను.

తొట్టిలోంచి లేవబోయి థర్జా మూలిగింది.
సీమీన్‌దొఖ్త్ ఆ మోకాలు తడిమి
తనలో తనే గొణిగింది: "బాద్ కర్దే."
వాచిందని. మాటకి మాట పెడితే, గాలి చేసిందని.
నా తెలుగు చెవి తొందరపడి బాధ అని వింది.
కాదు, గాలే.
బద్‌కీ బాద్‌కీ మధ్య ఒక్క దీర్ఘం.
యజ్ద్ మిద్దెల మీద బాద్‌గీర్లు
మెడ పట్టి కిందికి దించే గాలి,
మేనత్త మాహ్‌బానూ మండు మధ్యాహ్నం
పుచ్చకాయ పెట్టి చల్లబరుచుకునే గాలి.
దాని చిన్ననాటి పేరు వాత.
తలుపు సందులోంచి దూరిందని వెండెలిన్ తిట్టే విండ్,
థర్జా పెరట్లో దుప్పట్లు ఎత్తుకుపోయే విండ్,
ఆ ఇంటి పిల్లలే, పోలికలు పోయినా.
మా వైద్యుడు కీలు నొక్కి
వాతం అన్నాడంటే
అదే గాలి ఎముకల మధ్య దారి తప్పిందని లెక్క.
జనం ఈ ఊరికి వచ్చేదీ దాన్ని దించుకోడానికే.

ఆ రాత్రి మేనత్తకి ఫోన్లో రాసింది, చేరానని.
ఊరి పేరు తన లిపిలోకి దించబోతే
వేలు ఆగింది. ఉన్నదున్నట్టు రాస్తే చెడ్డ.
బ తర్వాత నిలువుగా
ఒక అలెఫ్ నొక్కింది.

తెల్లారేసరికి జవాబు:
"గాలి ఊరన్నమాట. మంచిదే.
అక్కడ బాద్‌గీర్లు ఎంత ఎత్తున కడతారు?"

కిటికీ దగ్గరికి వెళ్ళింది.
స్నానశాల గొట్టంలోంచి ఆవిరి
నిటారుగా లేచి,
చర్చి గంట దాటాక
కొంచెం పక్కకి వంగింది.
"మన మిద్దెంత ఉండదు," అని రాసి
తువ్వాళ్ళు మడత పెట్టడానికి దిగిపోయింది.